కల్లు పులవని దూరం

1947 జనవరి 2, గురువారం

మా బావ ఉప్పలయ్య నా కల్లు పుల్లగా ఉందన్నాడు. ఏడేండ్లయింది. మరువలేదు. మరువను.

ఈ డైరీ దవాఖాన కాంపౌండరు సామ్యూల్ ఇచ్చాడు. మందుల కంపెనీ వాళ్లు పంపారట, తేదీలు అచ్చేసి ఉన్నాయి. అక్షరాలు కూడా ఆయన నేర్పినవే, ఈ ముసలితనంలో. మాట్లాడినట్టు రాస్తే ఊరుకోడు, పుస్తకంలో ఉన్నట్టు రాయమంటాడు. సరే, అట్లనే రాస్తున్నా. మొదటి పేజీలో ఏం రాయాలని అడిగితే, నీ మనసుల ఉన్నది రాయి తాతా అన్నాడు.

నా మనసులో ఉన్నది ఇదే. నా కల్లు పుల్లగా లేదు.

జనవరి 3, శుక్రవారం

నిన్న కోపం మీద సగమే రాశాను. సంగతి ఇది.

ఉప్పలయ్య నా చెల్లె బాలవ్వ మొగుడు. అంతకంటే ముందు నా జోడు. ఇద్దరం ఒక్కనాడే నడుముకు మోకు చుట్టుకుని చెట్టెక్కాం. సిద్దిపేట నుంచి చింతమడక పోయే తోవలో, వాగొడ్డున ఒక ఈత చెట్టుంది. దాన్ని మొదట గీసినవాడు వాడే. ఇప్పటికీ అందరూ ఉప్పలయ్య చెట్టు అనే అంటారు. తర్వాత ఒక వానాకాలం తాడిచెట్టు మీది నుంచి పడ్డాడు. కాలు విరిగి వంకరగా అతుక్కుంది. చెట్టెక్కలేని గౌడు ఊర్లో ఏం చేస్తాడు? పెండ్లాం పిల్లతో బొంబాయి పోయాడు. బట్టల మిల్లు గేటు కాడ కావలి. చెట్టు నాకు అప్పజెప్పాడు.

వాడి బిడ్డ పెండ్లికి పిలిచాడు. నేనేం తీసుకుపోవాలి? చీరలు బొంబాయిలో దొరుకుతాయి. వాడి చెట్టు కల్లు దొరకదు. కొత్త కుండలో పట్టి, మూతికి ఈతాకు కుక్కి, బస్సులో హైదరాబాద్ పోయి, అక్కడ రైలెక్కాను. కుండను ఒడిలో పెట్టుకుని కూర్చున్నా, పసిపిల్లను పెట్టుకున్నట్టు. షోలాపూర్ కాడ కుండ బుసబుసమన్నది. పూనా కాడ పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచి పోయారు. నాకు తెలిసిపోయింది. అయినా పారబోయలేదు. వాడి చెట్టు కల్లును రైలు పట్టాల మీద ఎట్ల పారబోస్తాను?

పందిట్లో, మిల్లు జనం అందరి ముందు, వాడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. బావా, గిది కల్లా చింతపులుసా, నీ చెయ్యి పాడైందా ఏంది అన్నాడు. జనం విరగబడి నవ్వారు. బాలవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

నా చెయ్యి పాడైందట!

పెండ్లి బువ్వ తిన్నాను, చెల్లె వడ్డించింది కాబట్టి. వాడితో మాత్రం మాట్లాడలేదు. ఈ రోజుదాకా లేదు. ఆ కల్లు పులిసింది నా చేతి వల్ల కాదు, దూరం వల్ల. గీసినోడికి ఆ మాత్రం తెలియదా? నేను చెప్పాలా?

జనవరి 6, సోమవారం

చెట్టు సంగతి రాయాలి.

ఈత చెట్టు మెడకు ఏటా ఒక పక్క గాటు పెడతాం. ఈ ఏడు తూర్పు, వచ్చే ఏడు పడమర. అందుకే మాను వంకర్లు తిరుగుతూ పెరుగుతుంది. ఒక్కో వంకర ఒక్కో ఏడు. కింది వంకర్లు ఉప్పలయ్య పెట్టినవి, పైవి నావి. ఇయ్యాల ఎక్కి చూస్తే మెడ బాగా సన్నబడింది. ఇంకో ఏడు కత్తి పెడితే విరిగి పడుతుంది. దీనికి ఇదే ఆఖరు చలికాలం. శివరాత్రి దాటి ఎండ ముదిరితే ఇంక ఆ చెట్టు కల్లు ఎవరికీ దొరకదు.

దుర్గవ్వకు చెప్పాను. అయితె బావను పిలువు, వచ్చి తాగి పోతడు అన్నది. చెయ్యి పాడైందన్న వాణ్ణి నేను పిలవాలా అన్నాను. నా పెండ్లాం నన్ను కింద నుంచి పైదాకా చూసి, చాట పట్టుకుని లేచిపోయింది.

జనవరి 9, గురువారం

అజ్మత్ ఒక మాట చెప్పాడు. నమ్మలేదు.

అజ్మత్ హైదరాబాద్ బస్సు డ్రైవరు. కల్లు ముట్టడు. దగ్గరికి తెస్తే తౌబా తౌబా అని చెంపలు వేసుకుంటాడు. అయినా పొద్దుగూకితే నేను కల్లు అమ్మే మండువ అరుగు చివరన వచ్చి కూర్చుంటాడు. నా ఎదురుగా కూర్చోనిదే ఆయనకు అన్నం పోదు, ఆయనను నాలుగు మాటలనందే నాకూ పోదు.

ఈ రోజు అన్నాడు, ఇస్తారి భాయ్, హైదరాబాద్ల గాలిమోటరు ఎక్కితె మూడు గంటలల్ల బొంబాయి అని. నేను రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ కూర్చున్నాను, నాకు చెప్తావా అన్నాను. నడుమ ఎన్ని గుట్టలు, ఎన్ని సొరంగాలు! గుట్టలు కింద ఉంటయి భాయ్ అన్నాడు. పైన మలుపుల్లేవు, మేకల్లేవు, చెయ్యి చాపి బస్సాపే నీలాంటి ముసలోళ్లు లేరు, గందుకే జల్ది పోతది. ఖుదా మీద ఒట్టు పెట్టాడు. ఎరోడ్రోం పక్క నుంచే ఆయన బస్సు పోతుందట, పొద్దున లేచింది మళ్లీ పొద్దుగూకక ముందే దిగుతుంటే తన కళ్లతో చూశాడట.

నాకు మైళ్లు తెలియవు. నాకు తెలిసిన కొలత కల్లు. తెల్లారి దించిన కల్లు చింతమడకకు తియ్యగా పోతుంది. కోహెడకు నురగ మీద పోతుంది. బండి మీద హుస్నాబాద్ చేరేసరికి నాలికను కొరుకుతుంది, అక్కడివాళ్లకు అదే ఇష్టం. బొంబాయికి చింతపులుసు అవుతుంది. ఇన్నాళ్లూ బొంబాయి అంటే నాకు అంత దూరం.

మూడు గంటలైతే? బస్సుకో పూట, గాలికి మూడు గంటలు. తెల్లారి దించింది పొద్దుండగానే వాడి నోట్లో పడుతుంది. బొంబాయి హుస్నాబాద్‌కు ఆ పక్కనే ఉన్నట్టు లెక్క.

జనవరి 10, శుక్రవారం

మూడు గంటలు.

జనవరి 16, గురువారం

ఎల్లమ్మ తల్లి నా మొర విన్నది. దవాఖానకు కొత్త మందేదో కావాలట. బొంబాయిలోనే దొరుకుతుందట, మంచు పెట్టెలో పెట్టుకుని ఉరుకులమీద తేవాలట. పెద్ద డాక్టరు సామ్యూల్‌ను గాలిమోటరులో పంపుతున్నాడు, వచ్చే బుధవారం.

నేను పోయి అడిగాను. ఒక్క సీసా కల్లు, మా బావకు ఇచ్చి రా అని. సామ్యూల్ చేతిలో గోళీల డబ్బా జారిపడింది. తాతా, నేను ఆదివారం గుళ్లె వాక్యం చదివేటోణ్ణి, కల్లు చంకల పెట్టుకుని దొరల నడుమ కూసుండాల్నా అన్నాడు. మందు అనుకో అన్నాను. అబద్ధం కదా అన్నాడు. నోరు మూసుకో, ఎవ్వరడగరు అన్నాను. దేవుడడుగుతడు అన్నాడు. అయితే నీ డైరీ నువ్వే పెట్టుకో, నీ అక్షరాలు కూడా వాపసు తీసుకో అన్నాను. నవ్వాడు. ఒప్పుకోలేదు.

డైరీ ఇంటికి తెచ్చుకున్నా. వాపసు ఇస్తానన్నది మాటకే.

జనవరి 17, శుక్రవారం

దుర్గవ్వ నాకు చెప్పకుండా సామ్యూల్ దగ్గరికి పోయింది. నేను దవాఖాన గోడ అవతల చెప్పుకు ముల్లు తీసుకుంటూ నిలబడ్డాను. సామ్యూల్ పెండ్లాం కాన్పుకు ఈమే దగ్గరుండి చేసింది, కాబట్టి ఈమె మాటంటే ఆయనకు గురి. ఏమన్నదో విన్నాను. కొడుకా, గా ముసలోడు తను పోవుడు చాతగాక కల్లును పంపుతుండు, గంతే, కాదనకు అన్నది.

చాతగాక అట! ఇంటికి వచ్చాక అడుగుదామనుకున్నా. విన్నానని తెలుస్తుందని ఊరుకున్నా.

సామ్యూల్ ఒప్పుకున్నాడు. అబద్ధమాడడట, అడిగితే కల్లు అనే చెప్తాడట. చెప్పుకోనీ. నా కల్లుకు సిగ్గేంది?

జనవరి 20, సోమవారం

సామ్యూల్ దవాఖాన సీసా తెచ్చాడు. పెద్దది, గాజుది, బిరడాతో. గాజులో నేనెప్పుడూ కల్లు పట్టలేదు. కల్లుకు ఊపిరి ఆడాలి, అందుకే ఈతాకు కుక్కుతాం, నురగ తన తోవ తాను చూసుకుంటుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పనక్కరలేదు.

కానీ అజ్మత్ ఒక మాట చెప్పి భయపెట్టాడు. గాలిమోటరు పైన ఎగిరెగిరి పడతదట, షామీర్‌పేట గుంతల మీద తన బస్సు ఎగిరినట్టు. కల్లు ఒలికి సామ్యూల్ మీద పడితే నా పరువేం గావాలి? ఇంకొకటి నేనే ఆలోచించాను. లోపలికి గాలి పోకుంటే పులవదు.

అందుకని బిరడా గట్టిగా బిగించి, మోకు నారతో లొట్టి ముడి వేస్తాను. కల్లు కారే లొట్టికుండను చెట్టుకు కట్టే ముడి అది. గాలివానకు చెట్టు ఊగినా ఊడదు. ఉప్పలయ్యా నేనూ మా నాయిన దగ్గర నేర్చుకున్నాం. ఇయ్యాల ఖాళీ సీసాకు వేసి సామ్యూల్‌ను విప్పమన్నాను. గోళ్లు అరగదీసుకున్నాడు, రాలేదు. పండ్లతో కూడా పట్టాడు. దుర్గవ్వ నవ్వింది. తాతా, మరి బొంబాయిల ఎట్ల విప్పాలె అని అడిగాడు.

నువ్వు విప్పకు. వాడు విప్పుతాడు. ఈ ముడి విప్పడం వాడొక్కడికే వస్తుంది.

జనవరి 22, బుధవారం

తెల్లవారక ముందు.

మంచు బాగా ఉంది. చెట్టు మెడ చేతికి ఐసుముక్క లెక్క తగిలింది. లొట్టి నిండా కారింది, తేటగా, కొబ్బరినీళ్ల కంటే తియ్యగా. ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నా. దీన్ని పులుపన్నవాడి నాలిక కోయాలి. చెట్టుకు చెప్పాను, ఇది ఎవరికి పోతుందో.

పొద్దెక్కినాక, ఎరోడ్రోం కాడ.

బస్సు ఆగినప్పుడు రాద్దామనుకున్నా, అజ్మత్ ఆపితే కదా. దుద్దెడ కాడ జనం చెయ్యి చాపుతుంటే చూడనట్టే పోయాడు. ప్రజ్ఞాపూర్ కాడ రోజూ తాగే చాయ్ తాగలేదు. బస్సులో జనం తిట్టారు. సీసా ముట్టడు, దానివైపు చూడడు, కానీ ప్రతి గుంతకూ తల తిప్పకుండా అడిగాడు, భాయ్, నీ బిడ్డ మంచిగున్నదా అని. మంచిగున్నది, ముందు చూసి నడుపు అన్నాను.

సగం తోవలో గుర్తొచ్చింది. ఉరుకులాటలో ఎల్లమ్మకు సాక పోయలేదు. మొదటి చుక్కలు నేల మీద పోసి తల్లికి ఇచ్చాకే ఎవరైనా తాగాలి. యాభై ఏండ్లలో మరువలేదు. సీసాకు ముడి పడిపోయింది. మనసులో మొక్కుకున్నా, పని అయినాక రెండింతలు పోస్తా అని.

సామ్యూల్ కొత్త కోటు వేసుకున్నాడు, డాక్టరు దొర ఇచ్చినదట. సీసాను కోటు లోపల చంకలో పెట్టాను. ఊపకు, ఎండకు పెట్టకు, ఎవరికీ ఇవ్వకు అని చెప్పాను. ఇంకా చెప్తుంటే కాపలావాడు నన్ను కంచె ఇవతలికి తోశాడు.

గాలిమోటరు లేచింది. మోకు లేకుండా ఎక్కింది. నేను నేల విడిచేముందు ఒకసారి చెట్టుకు మొక్కి ఎక్కుతాను. అది మొక్కలేదు, అరిచింది. ఆ అరుపుకు అజ్మత్ కూడా చెవులు మూసుకున్నాడు. గద్దంత అయింది, ఈగంత అయింది, పోయింది.

పగలు.

అజ్మత్ బస్సు తీసుకుని పోవాలి. తన చేతి గడియారం విప్పి నాకిచ్చాడు. చిన్న ముల్లు రెండు మీదికి వచ్చిందంటె నీ బావ ఊరొచ్చినట్టే, రేపటి బస్సుకు రా, గడియారం పోగొట్టకు అన్నాడు.

కంచె పక్కన వేపచెట్టు కింద కూర్చున్నాను. దుర్గవ్వ కట్టిన రొట్టెల మూట విప్పలేదు. నీళ్లు తాగలేదు. వాడు తాగకుండా నేనెట్ల తాగాలి? ముల్లు కదలదు. చూస్తే కదలదు, చూడకుంటే కదులుతుంది.

రెండైంది. లేచి పంపు కాడ దోసిలి పట్టి నీళ్లు తాగాను. తాగు బావా అన్నాను. అక్కడెవరో నా మొఖం చూశారు. చూడనీ.

జనవరి 25, శనివారం

సామ్యూల్ రాలేదు. బొంబాయి అంత దగ్గరైనాక ఇంత ఆలస్యమెందుకు?

జనవరి 28, మంగళవారం

సామ్యూల్ వచ్చాడు. కోటు లేదు. ముసలోళ్లు కప్పుకునే పాత గొంగడి కప్పుకుని, వణుకుతూ, మందుల పెట్టెతో బస్సు దిగాడు. మందు చేతికి రావడానికే అన్ని రోజులు పట్టిందట. పెట్టె దవాఖానలో అప్పజెప్పి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

గాలిమోటరు పైకి పోయినాక చంకలో సీసా గుర్రుమన్నదట, పిల్లి లెక్క. ఆయన భయపడి ముడి విప్పబోయాడు. నా ముడి ఎవరికి వస్తుంది? పక్కన ఒక దొరసాని కూర్చుందట. ఏంటది అని అడిగిందట. అబద్ధమాడనని మాటిచ్చాడు కదా, కల్లు అన్నాడట. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు పేలిందట. లోపల ఉన్న దొరలందరూ గాలిమోటరు పగిలిందనుకుని దేవుణ్ణి తలుచుకున్నారట. సామ్యూల్ కోటు, అంగీ, ధోతి అంతా తడిసింది. కొంచెం దొరసాని టోపీ మీద కూడా పడిందట. చేతిలో మిగిలింది సీసా మెడ, బిరడా, నా ముడి.

ముడి ఊడలేదు కదా అని అడిగాను.

అయినా సామ్యూల్ మాట తప్పలేదు. తడిసిన కోటుతోనే, జనం జరిగి తోవ ఇస్తుంటే, అడుక్కుంటూ అడుక్కుంటూ మిల్లు కూలీలుండే చాళ్లలో, ఆ వరస గదుల్లో, బాలవ్వ ఇల్లు పట్టుకున్నాడు. ఉప్పలయ్య గడపకు వీపు పెట్టి, కాలు చాపి, అటు తిరిగి కూర్చున్నాడట. సామ్యూల్ ఇంకా నోరు తెరవలేదు. ఉప్పలయ్య తల తిప్పకుండానే, ఇస్తారి వచ్చిండా అన్నాడట.

రాలేదు అన్నాడట సామ్యూల్.

అప్పుడు తిరిగి చూశాడట. ఈయన కోటు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడట. వాగొడ్డు చెట్టు, నా చెట్టు అన్నాడట. బాలవ్వ బయటికి వచ్చి అన్న ఏడీ, అన్న ఏడీ అని గల్లీ అంతా చూసిందట.

సామ్యూల్ సీసా మెడ వాడి చేతికిచ్చాడట. ముడి చూసి వాడు నవ్వాడట. కండ్లు మూసుకుని, ఒంటి చేత్తో, సామ్యూల్ రెప్ప వేసేలోగా విప్పేశాడట. నాకు రాదనుకున్నడా ఇస్తారి అన్నాడట. బిరడా తీసి కింది వైపు నాలిక మీద పెట్టుకున్నాడట. చాలాసేపు పెట్టుకున్నాడట.

నేను సామ్యూల్ చెయ్యి పట్టుకుని అడిగాను, ఏమన్నాడు? తీపన్నాడా, పులుపన్నాడా?

సామ్యూల్ అడిగితే, జవాబు నాకాడ ఉన్నది, అడిగేటోణ్ణి అడగమను అన్నాడట. ఏడేండ్ల సంది నోరు మూసుకున్నోనికి నేనెందుకు చెప్పాలె అన్నాడట.

కోటు వాపసు ఇవ్వలేదు. బాలవ్వ ఉతికి ఇస్తానంటే ఉతకనివ్వలేదు. కొక్కేనికి తగిలించుకుని, తన గొంగడి సామ్యూల్‌కు కప్పి పంపాడు.

జనవరి 29, బుధవారం

ముడి మంచిదే. సీసా పాడుది.

అజ్మత్ తప్పు గాలిమోటరుది అంటాడు. సామ్యూల్ తుమ్ముతాడు. దుర్గవ్వ అంటుంది, సాక పొయ్యకుంటె తల్లి ఊకుంటదా, ఆకాశంలనే తాగింది అని. ఎల్లమ్మ తాగితే సరే. వాగొడ్డుకు పోయి రెండింతల సాక పోసి వచ్చాను. చెట్టుకు కూడా జరిగింది చెప్పాను.

గొంగడి మా ఇంట్లో పెట్టుకున్నా. సామ్యూల్‌కు నా దుప్పటి ఇచ్చాను. వాడి గొంగడి పొగాకు వాసన వస్తుంది. అదే పాత పొగాకు.

ఫిబ్రవరి 1, శనివారం

దుర్గవ్వ రొట్టెలు చేస్తూ, నావైపు చూడకుండా అన్నది. కల్లు తోవల పులుస్తది, మనిషి పులుస్తడా? రైలెక్కితె పాయె, గాలిమోటరెందుకు? కల్లును గాడికి తోలుడు గాదు, మనిషిని గీడికి పిలువు.

పోయిన నెల కూడా ఇదే అన్నది. అప్పుడు చాట పట్టుకుని పోయింది. ఇప్పుడు పోలేదు. పెనం మీద రొట్టె మాడుతున్నా నా జవాబు కోసం కూర్చుంది.

చెట్టెక్కి చూశాను. కారడం తగ్గింది.

ఫిబ్రవరి 3, సోమవారం

ఉప్పలయ్య బావా,

ఈ పేజీ చింపి పోస్టులో వేస్తున్నా. రైల్లో వస్తుందట, కాగితం పులవదు. నేను అడుగుతున్నా. ఇస్తారిని అడుగుతున్నా. బిరడా మీద తీపుందా పులుపుందా?

ఉత్తరంల చెప్పకు. బాలవ్వను తీసుకుని రా. సామ్యూల్ కోటు తే, చలికి సస్తుండు. చెట్టు ఇంకెన్నో రోజులు కారదు. శివరాత్రి పొద్దున లొట్టి దించి, సాక పోసి, కింద కూర్చుంటా. ఎండ వాగు దాటేలోగా వచ్చి నా మొఖం మీద చెప్పాలె. తీపా, పులుపా?